బంతిలో కూర్చుని నవ్వే నవ్వు



పెళ్ళి సినిమాలు మనకు కొత్త కాదు. పెళ్ళిచూపులు, కట్నం దగ్గర పేచీ, ముహూర్తం వేళకు పెళ్ళికూతురు కనిపించకపోవడం, ఆఖరున అక్షింతలు, ఇవన్నీ చూసి చూసి ఉన్నాం. అయితే పెళ్ళిని మండపం వైపు నుంచి కాకుండా వంటశాల వైపు నుంచి చూపించిన సినిమా మనలో ఎంతమంది చూశాం? అందులో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పక్కపాత్రలు. అసలు మనుషులు వంట కాంట్రాక్టరు, వడ్డన కుర్రవాళ్ళు, పాటకచేరీ వాళ్ళు, ఫోటోగ్రాఫరు, గిన్నెలు కడిగేవాళ్ళు. 2017లో ఫ్రాన్సులో అలాంటి హాస్యచిత్రం ఒకటి వచ్చింది. పేరు ‘ల సాన్స్ ద లా ఫేత్’. బయటి దేశాల్లో ‘సె లా వీ’ అనే పేరుతో ఆడింది. తీసినవాళ్ళు ఎరిక్ తొలెదానో, ఒలివియే నకాష్ అనే జంట దర్శకులు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ సినిమా గురించి, అలాంటి సినిమాను మన తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక మామూలు హాల్లో నలుగురి మధ్య కూర్చుని చూస్తే కలిగే సంతోషం గురించి.

ముందు కథ. మాక్స్ అనే ఆయన ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వంటా, వడ్డనా, ఏర్పాట్లూ చేస్తున్న కాంట్రాక్టరు. అలిసిపోయాడు. వ్యాపారం అమ్మేసి తప్పుకుందామన్న ఆలోచనలో ఉన్నాడు. పదిహేడో శతాబ్దం నాటి ఒక పెద్ద కోటలో ఆ రాత్రి ఒక పెళ్ళి. సినిమా అంతా ఆ ఒక్క రోజూ, ఒక్క రాత్రే. పెళ్ళికొడుకు తన ప్రతిష్ఠ తప్ప ఇంకేమీ పట్టని మనిషి. అన్నీ హుందాగా, నిండుగా ఉండాలని మొదటి నుంచీ ప్రాణం తీస్తాడు. వడ్డించేవాళ్ళు పాతకాలపు రాజుల కొలువులో నౌకర్లలాగా జరీ కోట్లు, తెల్లటి విగ్గులు పెట్టుకోవాలి. వాళ్ళు ససేమిరా అంటారు. పని తెలియని కుర్రవాడొకడు ఆఖరి నిమిషంలో వచ్చి చేరతాడు. ఫోటోగ్రాఫరుకు ఫోటోల మీద కంటే తిండి మీద ధ్యాస ఎక్కువ. పైగా చుట్టాలందరూ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని తనకు అడ్డం వస్తున్నారని అతనికి ఒళ్ళు మంట. పాటగాడు తానే ఆ రాత్రికి హీరో అనుకుంటాడు. మాక్స్ బావమరిది ఒకప్పుడు బడిపంతులు, మనసు చెదిరి ఉద్యోగం మానేసినవాడు. ఎవరు మాట్లాడినా వ్యాకరణం తప్పులు దిద్దుతూ తిరుగుతుంటాడు. చివరికి తేలేదేమంటే, పెళ్ళికూతురు అతనికి పాత పరిచయం. ఇవి చాలవన్నట్టు, వచ్చిన అతిథుల్లో ఒకాయన కార్మిక శాఖ తనిఖీ అధికారేమోనన్న అనుమానం పుడుతుంది. పనివాళ్ళలో కొందరికి కాగితాలు లేవు. మాక్స్‌కు చెమటలు పడతాయి.

అసలు దెబ్బ ఇంకా ఉంది. మాంసం పెట్టిన ఫ్రిజ్ ప్లగ్గు ఎవరో పీకేశారు. రెండు వందల మంది భోజనానికి కూర్చోబోయే వేళకు మాంసం పాడైపోయింది. ఇంకో చోటి నుంచి తిండి తెప్పించేదాకా జనాన్ని ఎలా ఆపాలి? ఉప్పు చేప పెట్టి కాల్చిన పఫ్‌లు వరసగా పంపిస్తారు. అవి తిని దాహమేసి నీళ్ళు తాగితే కడుపు నిండినట్టుంటుంది. అటు పాటగాడిని ఇంకాసేపు పాడమని బతిమాలుకుంటారు.

పెళ్ళి చేసిన ఇంట్లో పుట్టినవాడెవడైనా ఈ సంగతులన్నీ ఎరుగును. పేర్లు మార్చి, మాంసం తీసేసి సాంబారు పెడితే ఇది పుత్తూరులో జరిగిన పెళ్ళి. పలమనేరులో జరిగిన పెళ్ళి.

మాక్స్ పాత్ర వేసినది జాన్ పియేర్ బక్రీ. 2021 జనవరిలో ఆయన కన్నుమూశాడు. ఆయన ముఖంలో నవ్వు వెతుక్కోవలసిందే. నవ్వించడానికి ఆయన ఏమీ చేయడు. నొసలు ముడేసి, ఎదుటివాడు చెప్పేది ఓపిగ్గా విని, ఒక చిన్న నిట్టూర్పు విడుస్తాడు. అంతే, హాలంతా నవ్వుతుంది. పని నెత్తిన వేసుకున్న పెద్దమనిషి ముఖం అది. ప్రతి ఉమ్మడి కుటుంబంలోనూ అలాంటి ముఖం ఒకటి ఉంటుంది. అందుకే ఆయన్ని పరాయివాడనుకోలేం.

ఈ రకం హాస్యంలో ఒక కథానాయకుడంటూ ఉండడు. పదిమంది ఉంటారు, పదిమందికీ తలా ఒక కోరిక, తలా ఒక భయం. ఒకరి కోరిక ఇంకొకరి భయానికి తగులుతుంది. అక్కడ నవ్వు పుడుతుంది. మన సినిమాల్లో చాలాకాలం నుంచీ హాస్యాన్ని వేరే గదిలో కూర్చోబెట్టాం. హీరో కథ ఒక దారి, కామెడీ ట్రాక్ ఇంకో దారి. ట్రాక్ తీసేసినా కథకేమీ నష్టం ఉండదు. పదిమంది హాస్యంలో అలా కుదరదు. గిన్నెలు కడిగేవాడిని తీసేస్తే పెళ్ళే ఆగిపోతుంది.

అలాగని ఇది మనకు రాని విద్య కాదు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ చూడండి. రామారావు, సావిత్రి, నాగేశ్వరరావు, జమున, రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, రమణారెడ్డి. వీళ్ళలో ఎవరిని పక్కన పెట్టగలం? ప్రతివాడి దగ్గరా ఒక అబద్ధమో ఒక రహస్యమో ఉంది. ఆ అబద్ధాలు ఒకదానికొకటి తగులుకుంటూ పోతాయి. 1962 నాటి ‘గుండమ్మ కథ’దీ అదే దారి. ఆ సినిమాలు తీసిన విజయా సంస్థను చక్రపాణిగారితో కలిసి నడిపించిన నాగిరెడ్డిగారు మన పక్క కడప జిల్లా పొట్టిపాడు మనిషి. తర్వాత జంధ్యాలగారు ఈ విద్యను మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. 1987లో ‘అహ నా పెళ్ళంట’ వచ్చినప్పుడు కోట శ్రీనివాసరావుగారి పిసినారి పాత్ర, బ్రహ్మానందంగారి అరగుండు పాత్ర కథకు పక్కన నిలబడలేదు, కథలోనే ఉన్నాయి. నా దృష్టిలో మన హాస్యంలో బతికి ఉన్న భాగమంతా ఈ పదిమంది హాస్యమే.

ఫ్రెంచివాళ్ళు ఈ విద్యను ఎన్నడూ వదిలిపెట్టలేదు. 1939లో జాన్ రెన్వార్ ‘లా రేగ్ల్ ద్యు జు’ తీశాడు. ఒక పల్లెటూరి బంగళాలో విందూ వేటా. పైన దొరలు, కింద నౌకర్లు. ప్రేమలూ, అసూయలూ, అబద్ధాలూ రెండుచోట్లా ఒక్కటే. విడుదలైనప్పుడు పారిస్ జనం గొడవ చేశారు. కొన్నాళ్ళకే ప్రభుత్వం నిషేధించింది. యుద్ధంలో బాంబులు పడి అసలు నెగటివ్ కూడా పోయింది. మిగిలిన ముక్కలన్నీ ఏరి, కూర్చి, 1959లో మళ్ళీ జనం ముందు పెట్టారు. ఇప్పుడు ప్రపంచంలోని గొప్ప సినిమాల జాబితా ఎవరు రాసినా ఇది ఉంటుంది. ఈ రెన్వారే తర్వాత ‘ది రివర్’ తీయడానికి బెంగాలు వచ్చాడు. కుర్రవాడైన సత్యజిత్ రాయ్ ఆయన వెంట ఊళ్ళు తిరిగాడు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

నాకు వీళ్ళందరిలోకీ దగ్గరివాడు జాక్ తతీ. ఆయన మొదటి పెద్ద చిత్రం ‘జూర్ ద ఫేత్’, అంటే తిరునాళ్ళ రోజు. 1949లో విడుదలైంది. ఫ్రాన్సు నడిమధ్యలో సాంత్ సెవేర్ అనే చిన్న ఊరు. యుద్ధకాలంలో తతీ ఆ ఊళ్ళో తలదాచుకున్నాడు. ఆ మనుషులను మరిచిపోలేక, 1947లో అక్కడికే తిరిగి వెళ్ళి సినిమా తీశాడు. తెర మీద కనిపించే జనంలో చాలామంది ఆ ఊరివాళ్ళే. ఊరికి తిరునాళ్ళ బళ్ళు వస్తాయి. చెక్క గుర్రాలు, అంగళ్ళు, వాటితోపాటు సినిమా డేరా ఒకటి. ఊరి పోస్టుమ్యాన్ ఫ్రాన్స్వా, పొడుగాటి మనిషి, సైకిలు మీద ఉత్తరాలు పంచుతూ, దారిలో ప్రతి ఇంటి పనిలోనూ వేలు పెడుతుంటాడు. ఆ డేరాలో అమెరికా తపాలా శాఖ గురించిన సినిమా వేస్తారు. అక్కడివాళ్ళు హెలికాప్టర్లలో ఉత్తరాలు మోస్తారట! ఊరివాళ్ళు మనవాడిని ఆటపట్టిస్తారు. ఇక ఫ్రాన్స్వా కూడా మెరుపు వేగంతో ఉత్తరాలు పంచడం మొదలుపెడతాడు. ఆ సైకిలు పరుగు చూసి నవ్వని మనిషిని నేను చూడలేదు. దానికి భాష అక్కరలేదు. పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత ముసలివాళ్ళు.

ఆ సినిమాకు ఇంకో కథ ఉంది. తతీ దాన్ని రంగుల్లో తీయాలనుకున్నాడు. థామ్సన్ కలర్ అనే కొత్త పద్ధతి వాడాడు. జాగ్రత్త కోసం పక్కన ఇంకో కెమెరా పెట్టి నలుపు తెలుపుల్లో కూడా తీసి ఉంచాడు. అదే మేలైంది. రంగుల ఫిల్మును ప్రింటు వేసే దారి కంపెనీకి దొరకలేదు. నలుపు తెలుపు సినిమానే లోకం చూసింది. ఆయన పోయిన పదమూడేళ్ళకు, 1995లో, కూతురు సోఫీ పూనుకుని ఆ రంగుల సినిమాను బయటికి తెచ్చింది. తండ్రి కలను కూతురు తెర మీద పెట్టడం కంటే గొప్ప తద్దినం ఉంటుందా?

టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టు తీసుకుని సినిమా చూసిన తరం మన జిల్లాల్లో ఇంకా ఉంది. పంట కోతలయ్యాక డేరా లేచేది. ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళు. ఆ తరంవాళ్ళకు ‘జూర్ ద ఫేత్’ వేసి చూపిస్తే, వాళ్ళు తమ ఊరినే చూసుకుంటారని నా నమ్మకం.

ఇక్కడ మన ప్రాంతం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పదిమంది హాస్యం చూడడానికి తిరుపతి, చిత్తూరు జనం కంటే తయారైన ప్రేక్షకులు దొరకరు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు ఈ మాట వివరించనక్కరలేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. రోజుకొక వేషం చొప్పున ఊరు ఊరంతా వేషం కడుతుంది. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, అమ్మ దగ్గరికి వెళతారు. ఆ రోజుల్లో ఎవరు ఎవరిని తిట్టినా కోపగించుకోకూడదు. తిట్టేది మొక్కు. ఇందులో నటులెవరు, చూసేవాళ్ళెవరు? గీత లేదు. ఊరే నాటకం, ఊరే ప్రేక్షకులు.

భారతం సంగతి కూడా అంతే. ఎండాకాలంలో మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, ఆఖరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుంటాడు. అంత పెద్ద కథ మధ్యలో బఫూను వచ్చి, రాజును నిలేసి, ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్దను పేరు పెట్టి పిలిచి నవ్విస్తాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే జనం నవ్వుతారు. దుఃఖానికీ నవ్వుకూ మధ్య గోడ కట్టని జనం మనం. తొలెదానో, నకాష్‌ల సినిమాలో కూడా ఆ గోడ లేదు.

భాష సంగతి అడుగుతారేమో. ఫ్రెంచి మనకెలా అర్థమవుతుందని. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం, ఈ ఊళ్ళల్లో తెలుగు సినిమానూ తమిళ సినిమానూ ఒకే ప్రేక్షకులు చూస్తారు. డబ్బింగు కోసం ఆగరు. కుప్పంలో అయితే కన్నడం కూడా కలుస్తుంది. 1987లో సింగీతం శ్రీనివాసరావుగారు ఒక్క మాట కూడా లేకుండా ‘పుష్పక విమానం’ తీస్తే, ఏ భాషవాళ్ళూ అడ్డం చెప్పలేదు. రెండో భాష, మూడో భాష చెవిలో పడుతుంటే భయపడని జనానికి నాలుగోది భారం కాదు. ఈ పెళ్ళి సినిమాలో ఇంకొక విచిత్రం ఉంది. వంటశాలలో పనిచేసే ఇద్దరు శ్రీలంక తమిళులు. వాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది తమిళమే. ఎదురుగా ఫ్రెంచి దొరలు ఏం చేస్తున్నా, పక్కన నిలబడి తమ మాట తాము చెప్పుకుంటారు. పారిస్ ప్రేక్షకుడు ఆ మాటలు కింద అక్షరాల్లో చదువుకోవాలి. చిత్తూరు ప్రేక్షకుడికి నేరుగా చెవిలో పడతాయి. ఫ్రెంచి సినిమాలో ఫ్రెంచివాడికంటే ముందు నవ్వే అవకాశం మనకుంది!

ఈ సినిమాను నేను మొదట ఇంట్లో ఒక్కడినే చూశాను. బాగుందనుకుని టీవీ కట్టేశాను. తర్వాత తిరుపతిలో మిత్రులు కొందరం కలిసి, ఒక చిన్న హాల్లో తెర కట్టి చూశాం. విద్యార్థులు వచ్చారు, రిటైరైన మాస్టార్లు వచ్చారు, మా మిత్రుడొకరు తన ఇంటి పెళ్ళికి వంట చేసిన కాంట్రాక్టరును కూడా వెంటబెట్టుకొచ్చారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. మొదటి పావుగంట ఆయన చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఉన్నట్టు తెర మీద కనబడగానే హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “అయ్యో సామీ” అన్నాడు, నిజంగా జరిగినట్టు. ఉప్పు పఫ్‌ల ఎత్తు బయటపడ్డాక అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆయనే. నా చెయ్యి పట్టుకుని, “మేము కూడా ఇంతే సామీ. అన్నం చాలకపోతే అప్పళం, పాయసం ముందు పంపిచ్చేస్తాం. జనం అవి తినేలోపల మళ్ళా ఎసరు కాగతాది” అన్నాడు. వెనక వరసలో ఆ మాట విన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎందుకో తెలియక ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. బంతిలో వడ్డన సాగినట్టు నవ్వు వరసలో ఒకరి తర్వాత ఒకరికి అందుతూ పోయింది. ఇంట్లో టీవీ ముందు నేను గమనించనే గమనించని చోట్ల, విద్యార్థులు నవ్వారు. వాళ్ళు నవ్వని చోట మాస్టార్లు నవ్వారు. పదిమంది గురించి తీసిన సినిమాను పదిమందితో చూస్తేనే మొత్తం సినిమా కనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఆ రోజు సినిమా అయ్యాక ఎవరూ వెంటనే లేవలేదు. పెళ్ళికొడుకు పెద్ద బెలూనుకు కట్టుకుని గాల్లోకి లేచే ఘట్టం గురించి కుర్రవాళ్ళు మాట్లాడుకున్నారు. మాస్టారొకరు మాత్రం మాక్స్ గురించే మాట్లాడారు. అందరి ముందూ కోప్పడి, మళ్ళీ అందరినీ నిలబెట్టేది ఆయనే కదా అన్నారు. కాంట్రాక్టరు ఏమీ అనలేదు. మర్నాడు ఏదో నిశ్చితార్థానికి కూరగాయలు తేవాలని టౌన్లోకి బయల్దేరాడు.

సినిమా వ్యాపారంలో మన రాయలసీమ పేరు సీడెడ్. ఆ వ్యాపారంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. సీడెడ్ ప్రేక్షకుడికి మాస్ కావాలి, కత్తి కావాలి, సుమోలు లేవాలి అని. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచి ఏళ్ళ తరబడి మన నేలను రక్తం రంగులోనే చూపించారు. మన యాసను విలన్ల నోట్లో పెట్టారు. సీడెడ్‌కు మాస్ తప్ప పట్టదనే ఆ మాటను నేను ఒప్పుకోను. మధురాంతకం రాజారాంగారి కథలు చదవండి, నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి మిట్టూరు కథలు చదవండి. ఈ నేల మనుషులు ఎంత కష్టంలో ఉన్నా ఎలా నవ్వుతారో, ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకుంటారో ఆ పేజీల్లో ఉంది. ఆ నవ్వు తెర మీదికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

వచ్చింది మాత్రం బాగా వచ్చింది. 2021 మే నెలలో ‘సినిమా బండి’ విడుదలైంది. ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లె. ఆటో నడిపే వీరబాబుకు తన ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరివాళ్ళందరినీ పెట్టి సినిమా తీద్దామంటాడు. పెళ్ళి ఫోటోలు తీసే గణపతి కెమెరామ్యాన్, క్షవరం చేసే మరిడేషు హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల పెద్ద పేర్లున్నవాళ్ళ జోలికి పోకుండా కొత్త ముఖాలతో తీశాడు. నవ్వు అంతా మన సరిహద్దు యాసలోనే. దాన్ని నిర్మించినది రాజ్, డీకే జంట. రాజ్ నిడిమోరు తిరుపతివాడు, కృష్ణ డీకే చిత్తూరువాడు. ఇద్దరూ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నవాళ్ళు. తతీ తన పోస్టుమ్యాన్‌ను సైకిలెక్కిస్తే, వీళ్ళు తమ మనిషిని ఆటో ఎక్కించారు. మధ్యలో డెబ్బై ఏళ్ళకు పైగా ఉంది, సముద్రాలు ఉన్నాయి. సినిమా పిచ్చి పట్టిన ఊరు మాత్రం ఒక్కటే.

నా బాధ ఏమంటే, ఆ సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కరోనా రెండో విడత రోజులు, హాళ్ళు మూసి ఉన్నాయి, ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఎవరి గురించి తీశారో వాళ్ళు దాన్ని నలుగురితో కలిసి తెర మీద చూడలేదు. ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకున్నారు. చిత్తూరు హాల్లో మంగ నడిచి వస్తుంటే ఎంత గోల లేచేదో తలుచుకుంటే మనసు ఊరుకోదు.

ఫ్రెంచి హాస్యం మన హాళ్ళకు రానేలేదని కూడా అనుకోవద్దు. పేరు మార్చుకుని వచ్చింది. ఇదే తొలెదానో, నకాష్ 2011లో తీసిన ‘ఎంతూషాబ్ల్’ను ఫ్రాన్సులో సుమారు ఒక కోటీ తొంభై నాలుగు లక్షల మంది హాళ్ళకు వెళ్ళి చూశారు. దాన్నే వంశీ పైడిపల్లి తెలుగులో ‘ఊపిరి’గా, తమిళంలో ‘తోళా’గా ఒకేసారి తీశారు. 2016 మార్చి 25న విడుదలైంది. చక్రాల కుర్చీకి పరిమితమైన కోటీశ్వరుడిగా నాగార్జున, జైలు నుంచి పెరోల్ మీద వచ్చి ఆయనకు తోడుగా చేరే కుర్రవాడిగా కార్తి. మన జిల్లాల్లో జనం దాన్ని పరాయి కథ అనుకోలేదు, మామూలు సినిమాకు వెళ్ళినట్టే పిల్లాపాపలతో వెళ్ళారు. రీమేకు రూపంలో మనసుకు పట్టినది అసలు రూపంలో పట్టదా? పడుతుంది. ఎవరూ వేసి చూపించలేదు, అంతే.

మరి ఎలా చూడడం? ఇందాక రాయ్ గురించి మళ్ళీ చెబుతానన్నాను. 1947లో రాయ్, చిదానంద దాస్‌గుప్తా మరికొందరితో కలిసి కలకత్తా ఫిలిం సొసైటీ మొదలుపెట్టారు. సభ్యులు చందా వేసుకుని, ప్రపంచ సినిమాలు తెప్పించుకుని, కలిసి చూడడం, కలిసి మాట్లాడుకోవడం. 1959లో దేశంలోని ఇలాంటి సంఘాలన్నీ కలిసి సమాఖ్యగా ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు రాయే. మన తెలుగు నేల మీద హైదరాబాద్ ఫిలిం క్లబ్ 1974 నుంచి ఉంది. ఫ్రెంచి సంస్కృతి కోసం పనిచేసే ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ అటు చెన్నైలోనూ ఇటు హైదరాబాదులోనూ ఉంది. చెన్నై మనకు రైలులో మూడు గంటల దారి. అడగాలే గానీ దారి దొరుకుతుంది. విశ్వవిద్యాలయాలున్న ఊరు తిరుపతి. ఇక్కడ ఒక ఫిలిం సొసైటీ బలంగా నడవడానికి కావలసిన కుర్రవాళ్ళకు కొదవ లేదు.

హాళ్ళ సంగతి. తిరుపతిలో ప్రతాప్, జయశ్యామ్, సంధ్య, కృష్ణతేజ, ఈ పేర్లు చెబితే ఒక్కొక్కరికి ఒక్కో సినిమా గుర్తుకొస్తుంది. మన తెలుగు ఊళ్ళల్లో సింగిల్ స్క్రీన్ హాళ్ళు చాలా కల్యాణ మండపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి. మిగిలిన హాళ్ళు కూడా పెద్ద హీరో సినిమా వచ్చిన వారం తప్ప, మామూలు రోజుల్లో మార్నింగ్ షోకు పదిమందితో నడుస్తాయి. ఒకప్పుడు రీళ్ళ డబ్బాలు రావాలి, ప్రింటు దొరకాలి. ఇప్పుడు డిజిటల్ ప్రొజెక్షన్. సినిమా హక్కులున్నవాళ్ళ దగ్గర అనుమతి తీసుకుంటే, ప్రింటు కోసం పడిగాపులు కాయనక్కరలేదు. ఖాళీగా పోయే ఒక ఆట ఇచ్చి చూడమనే నా విన్నపం.

హాలు యజమానులకు ఒక మాట. నెలకు ఒక ఆదివారం మార్నింగ్ షో ఇవ్వండి. మొదట ‘జూర్ ద ఫేత్’తో మొదలుపెట్టండి, మాటలు తక్కువ, పిల్లలతో రావచ్చు. రెండో నెల ‘సినిమా బండి’ వేయండి, అది మన సొంత సినిమా. మూడో నెల ఈ పెళ్ళి సినిమా. అప్పటికి జనానికి కింద అక్షరాలు చదవడం అలవాటవుతుంది. అక్షరాలు తెలుగులో వేయించగలిగితే ఇంకా మంచిది. ఆ పని తెలుగు, ఇంగ్లీషు శాఖల విద్యార్థులు సంతోషంగా చేస్తారు. సినిమాకు ముందు అయిదు నిమిషాలు ఎవరైనా కథ పరిచయం చేస్తే సరిపోతుంది. ఇంటర్వెల్ ఇవ్వాలా అంటే, ఇవ్వండి. ఫ్రెంచివాళ్ళు ఇవ్వరు గానీ, మన హాలు క్యాంటీను దాని మీదే బతుకుతుంది. మాంసం పాడైందని తెలిసిన చోట ఆపండి. అంతకంటే మంచి ఇంటర్వెల్ ఏ రచయితా రాయలేడు.

శ్రోతలకు నా మనవి ఒక్కటే. అలాంటి ఆట మీ ఊళ్ళో పడిన రోజు ఒక్కరే వెళ్ళకండి. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్ళండి, పక్కింటివాళ్ళను పిలవండి, మీ ఇంటి పెళ్ళికి వంట చేసినవాళ్ళకు కూడా టికెట్టు కొనండి.